పాత పోర్షె 911ను రేసు కారుగా కట్టిన వర్క్‌షాపు: పని ఎలా ఉంది?

1970 మోడల్ పోర్షె 911టి ఒకటి నా దగ్గర ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండేది. దాన్ని రేసు కారుగా మార్పించాలని నిర్ణయించుకుని, వెనుక ఇంజన్ ఉన్న పాత కార్ల పని మాత్రమే చేసే ఒక చిన్న వర్క్‌షాపుకు అప్పగించాను. 11 నెలల్లో ఇస్తామన్న కారు 19 నెలలకు చేతికొచ్చింది. వచ్చాక 6 రోజులు ట్రాక్ మీద నడిపాను, ఒకసారి ప్రమాదం అంచు దాకా వెళ్లాను, ఆ తర్వాత కారును కొన్నాళ్లు వెనక్కి పంపవలసి వచ్చింది. ఇవన్నీ చూశాక కూడా వాళ్ల పనితనాన్ని నేను మెచ్చుకుంటున్నాను. ఎందుకు మెచ్చుకుంటున్నానో, ఎక్కడ మెచ్చుకోలేకపోతున్నానో వివరంగా చెబితే ఇలాంటి పని చేయించుకోవాలనుకునే వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. జరిగిన పొరపాటును వాళ్లు ఒప్పుకుని సరిదిద్దారు కాబట్టి వర్క్‌షాపు పేరు బయటపెట్టడం లేదు.

ముందుగా ఈ కార్ల స్వభావం కొంత చెప్పాలి, లేకపోతే వర్క్‌షాపు చేసిన పనిలో విలువ ఎక్కడుందో అర్థం కాదు. వెనుక ఇంజన్ కారంటే వెనుక చక్రాల ఇరుసుకు కూడా అవతల, బంపరు వైపున, ఇంజన్ బరువంతా వేలాడే కారు. సీటుకూ వెనుక ఇరుసుకూ మధ్యలో ఇంజన్ పెట్టే కార్లు వేరు. ఫోక్స్‌వాగన్ బీటిల్, రెనో 8, హిల్‌మన్ ఇంప్, షెవర్లే కోర్వెయిర్, ఆల్పీన్ ఎ110, పోర్షె 911 అన్నీ ఈ వెనుక ఇంజన్ జాతివే, అన్నీ ఏదో ఒక రూపంలో రేసుల్లోనో ర్యాలీల్లోనో పరుగెత్తినవే. కారును తోసే చక్రాల మీదనే ఇంజన్ బరువు ఉంటుంది కాబట్టి మంచు మీదా మట్టి మీదా వీటికి దొరికినంత పట్టు రెండు చక్రాలే తోసే ఇతర కార్లకు చాలావరకు దొరకదు. 1968, 1969, 1970 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు 911 మాంటె కార్లో ర్యాలీ గెలవడానికీ, 1973లో తయారీదారులకు తొలిసారిగా ఇచ్చిన ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌ను ఆల్పీన్ అందుకోవడానికీ ఈ పట్టు పెద్ద కారణం. అయితే అదే బరువు మలుపు మధ్యలో ఎదురు తిరుగుతుంది. పిడి చివర పట్టుకుని సుత్తిని తిప్పితే దాని తల చేతిని ఎలా లాగుతుందో, మలుపులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే వెనుక ఇంజన్ కారు తోక అలాగే బయటికి లాగుతుంది. కాలు తీయగానే బరువు ముందు చక్రాల మీదికి జరుగుతుంది, ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది, సరిగ్గా అదే క్షణంలో వెనుక టైర్లకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ బరువు మాత్రం వెనుకే ఉండి తన దారిన తాను బయటికి పోవాలని చూస్తుంది. ఈ జాతి కారును రేసుకు తయారు చేయడమంటే, నా అనుభవంలో, హార్స్‌పవర్ పెంచడం కన్నా ముందు ఈ తోక బరువుతో ఒక ఒప్పందానికి రావడం.

నేను ఆ వర్క్‌షాపును ఎంచుకోవడానికి కారణం మొదటి రోజునే దొరికింది. అంతకుముందు వెళ్లిన రెండు చోట్ల మాట ఇంజన్‌తో మొదలై ఇంజన్‌తోనే ముగిసింది: ఎంత సి.సి. కావాలి, ఎంత హార్స్‌పవర్ కావాలి, ఎప్పటికి కావాలి. ఇక్కడ మాత్రం పెద్ద మేస్త్రి కారును లోపలికి తోయించి, నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పలకలు పెట్టించి, అంకెలు నిలకడకు వచ్చేదాకా ఎవర్నీ కారు మీద చేయి వేయనివ్వలేదు. మొత్తం 1,026 కిలోలు వచ్చింది, అందులో ముందు 420, వెనుక 606. ఆ అంకెలను గోడకు బిగించిన పలక మీద సుద్దముక్కతో రాసి, "ఇంజన్ మాట తర్వాత మాట్లాడుకుందాం సార్, మొదట ఈ 606ను ఏం చేయాలో తేల్చుకుందాం" అన్నారు. ఆ పలక మీది అంకెలు 19 నెలల్లో ఎన్నోసార్లు మారాయి కానీ ఆ మొదటి వరుసను మాత్రం ఎవరూ చెరపలేదు.

ఆ రోజే తేల్చుకోవలసిన మరో విషయం కూడా వాళ్లే ఎత్తారు. ప్రపంచ మోటారు క్రీడల పాలక సంస్థ ఎఫ్ఐఏ పాత కార్ల రేసుల కోసం హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ అనే పత్రం ఇస్తుంది. అది కావాలంటే కారు తన కాలంలో ఏ రూపంలో పోటీ చేసిందో ఆ రూపానికే కట్టుబడి ఉండాలి, కొత్త కాలపు భాగాలు ఇష్టం వచ్చినట్టు వేసుకోవడానికి కుదరదు. నాకు కావలసింది నా ఆలోచన ప్రకారం కట్టిన కారు కాబట్టి పాస్‌పోర్ట్ వద్దనుకున్నాను. ఆ నిర్ణయం వల్ల ఏ పోటీలకు దూరమవుతానో కాగితం మీద రాసి నా సంతకం తీసుకున్నారు. కారు సగం కట్టాక ఈ విషయం గుర్తొస్తే చేసిన పనంతా తిరగదోడవలసి వస్తుంది. అందుకే మొదటి రోజే అడిగే వర్క్‌షాపు మంచి వర్క్‌షాపు అని నా అభిప్రాయం.

తరువాత విప్పడం మొదలైంది. విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, సంచిలో వేసి, చీటీ కట్టారు. సీట్లు, తివాచీలు, శబ్దం రాకుండా నేలకు అంటించిన తారు పొరలు పోయాక అసలు కారు బయటపడింది. ఆ కాలపు 911లలో తుప్పు దాక్కునే చోట్లు అనుభవం ఉన్నవాళ్లకు కంఠతా వచ్చు: ముందు మూలల్లో ఉండే బ్యాటరీ పెట్టెలు, పెట్రోల్ ట్యాంకు కింద ముందు సస్పెన్షన్ బిగించే రేకు, తలుపుల కింద పొడవునా వెళ్లే గుమ్మాలు, వాటి లోపల ఇంజన్ వేడి గాలిని క్యాబిన్‌లోకి తెచ్చే గొట్టాలు, వెనుక స్ప్రింగు పని చేసే టోర్షన్ బార్ కడ్డీలు ఉండే గొట్టం చివరలు. కుర్ర మెకానిక్ ఒకరు చిన్న సుత్తితో గుమ్మం పొడవునా తట్టుకుంటూ వచ్చారు. గట్టి రేకు దగ్గర గంట మోగినట్టు వినిపించిన శబ్దం, వెనుక చక్రానికి జానెడు దూరం రాగానే తడిసిన అట్ట మీద కొట్టినట్టు మొద్దుబారింది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా నొక్కితే పైకి నున్నగా కనిపించే రంగు కిందికి, ఏ అడ్డూ లేకుండా, పిడి దాకా దిగిపోయింది. అంతకుముందెప్పుడో ఎవరో తుప్పు మీద రేకు ముక్క అతికించి, మీద పుట్టీ మెత్తి, రంగు వేసి ఉంచారని తెలిసింది.

ఆలస్యంలో ఎక్కువ భాగం ఇక్కడే జరిగింది. దానికి నేను వాళ్లను తప్పుపట్టను. కారు పై చట్రాన్ని, అది వంగకుండా పట్టి ఉంచే జిగ్ అనే ఉక్కు చట్రానికి బిగించి, సస్పెన్షన్ బిందువులు ఫ్యాక్టరీ కొలతల ప్రకారం ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే తుప్పు రేకు కోశారు. జిగ్‌కు బిగించకుండా గుమ్మాలు కోస్తే కారు మధ్యలో కుంగి, తలుపుల సందులు మారిపోతాయి. అలా వంగిన కారుకు ఎంత ఖరీదైన సస్పెన్షన్ వేసినా అది ఒక వైపు మలుపుల్లో ఒకలా, రెండో వైపు మలుపుల్లో మరోలా ప్రవర్తిస్తుంది. టింకరింగ్ పనిలో వాళ్ల చేతి నైపుణ్యం నాకు అన్నిటికన్నా నచ్చింది. పాత రేకులో ఉన్న మడతలు, గట్లు కూడా కొత్త రేకులో దింపారు, వెల్డింగ్ అతుకును రుద్దాక వేలితో తడిమితే తప్ప ఎక్కడుందో తెలియదు. నన్ను నొప్పించింది ఆలస్యం కాదు, ఆలస్యం గురించి చెప్పకపోవడం. నాలుగో నెలలో తుప్పు లెక్క తేలినప్పుడే గడువు మారుతుందని వాళ్లకు తెలుసు, నాకు మాత్రం తొమ్మిదో నెలలో, అదీ నేను అడిగితేనే, చెప్పారు.

కారు బోల్తా పడినా డ్రైవరును కాపాడే ఉక్కు గొట్టాల పంజరం, అంటే రోల్ కేజ్ విషయంలో వాళ్లు ఎఫ్ఐఏ అనుబంధం ‘జె’లోని 253వ నిబంధనను అక్షరాలా పాటించారు. అతుకు లేకుండా తీసిన కార్బన్ స్టీలు గొట్టాలే వాడారు. డ్రైవరు వెనుక నిలిచే వంపు గొట్టానికి, అంటే ప్రధాన హూప్‌కు 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉన్న గొట్టం, మిగిలిన వాటికి 38 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉన్న గొట్టం వేశారు. ప్రధాన హూప్ పాదాల కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం ఉండే పలకలు వేయాలన్న నియమాన్ని కొత్తగా వేసిన గట్టి రేకు మీద పాటించడం వేరు, పుట్టీ కింద దాగిన తుప్పు మీద పాటించడం వేరు. ముందు తుప్పు పని పూర్తిగా ముగించాకే కేజ్ ఎందుకు మొదలుపెట్టారో అప్పుడు నాకు బోధపడింది. తలుపు దగ్గర అడ్డుగొట్టాలు కాస్త కిందికి వేయమని, ఎక్కి దిగడానికి సులువుగా ఉంటుందని నేను అడిగితే ఒప్పుకోలేదు. పక్క నుంచి వేరే కారు గుద్దితే నా నడుముకు అడ్డం ఉండేది అదే గొట్టమని చెప్పి, నన్ను సీటులో కూర్చోబెట్టి, టేపుతో నా నడుము ఎత్తు కొలిచి చూపించారు. ఇప్పుడు కారెక్కడం కష్టంగానే ఉంది, కానీ వాళ్లు చెప్పింది నిజం.

ఇక బరువు సంగతికి వస్తాను. నా దగ్గర మొదటి నుంచీ ఒక జాబితా ఉండేది: ముందు బానెట్ ఫైబర్‌గ్లాస్‌ది వేయాలి, ముందు మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాస్‌వి వేయాలి, బ్యాటరీ చిన్నది వేయాలి. పెద్ద మేస్త్రి ఆ జాబితా చూసి, మూడూ ముందు భాగానివేనని గుర్తుచేశారు. ముందు నుంచి 30 కిలోలు తీసేస్తే కారు తేలికవుతుంది, కానీ వెనుక బరువు పాలు ఇంకా పెరుగుతుంది, మలుపులోకి దిగేటప్పుడు ముందు టైర్లకు అసలే అంతంతమాత్రంగా ఉన్న పట్టు ఇంకా పోతుంది. కాబట్టి వాళ్ల నియమం ఒక్కటే: వెనుక ఇరుసు అవతలి నుంచి తీయగలిగిందంతా తీసేదాకా ముందు భాగాన్ని ముట్టుకోకూడదు. వెనుక బంపరు, ఇంజన్ మూత ఫైబర్‌గ్లాస్‌వి వచ్చాయి, క్యాబిన్ వేడి కోసం ఉన్న హీట్ ఎక్స్‌ఛేంజర్లు, బరువైన సైలెన్సర్ పోయి సన్నని గొట్టాలు వచ్చాయి, వెనుక అద్దం స్థానంలో పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వచ్చింది. ముందు బానెట్, మడ్‌గార్డులు ఇనుప రేకువే ఉండిపోయాయి.

ఇది వాళ్లు కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. పోర్షె సంస్థే ఈ బరువుతో పదేళ్లు పెనుగులాడింది. తొలి కార్లలో ముందు బంపరు లోపల ఇనుప దిమ్మలు పెట్టి ముందు భాగాన్ని బరువెక్కించారు. 1969 మోడల్‌లో వెనుక చక్రాలను 57 మి.మీ. వెనక్కి జరిపి ఇరుసుల మధ్య దూరాన్ని 2,268 మి.మీ.కు పెంచారు, ఒక్క బ్యాటరీకి బదులు రెండు బ్యాటరీలు చేసి ముందు మూలల్లో చెరొకటి పెట్టారు. 1972 మోడల్‌లో ఆయిల్ ట్యాంకును వెనుక చక్రం వెనుక నుంచి చక్రం ముందుకు తెచ్చి, దాన్ని నింపడానికి కుడి తలుపు వెనుక బయటివైపు చిన్న మూత పెట్టారు. బంకుల్లో కొందరు అది పెట్రోల్ మూత అనుకుని అందులో పెట్రోల్ పోయడంతో ఆ ఏర్పాటు ఒక్క ఏడాదితోనే ఆగిపోయిందని చెబుతారు. నా 1970 కారులో ఆయిల్ ట్యాంకు కుడి వెనుక చక్రం వెనుకే ఉండేది. వర్క్‌షాపు వాళ్లు 1972 కారు పద్ధతిలోనే దాన్ని చక్రం ముందుకు తెచ్చారు, కానీ నింపే మూతను ఇంజన్ గది లోపలే ఉంచారు. ఆయిల్ కూలర్‌ను ముందు బంపరు వెనుక పెట్టారు, పెట్రోల్ ట్యాంకు బదులు ఎఫ్‌టీ3 అనే ఎఫ్ఐఏ భద్రతా ప్రమాణం ఉన్న రబ్బరు సంచి ట్యాంకును వీలైనంత కిందుగా, ముందు భాగంలో అమర్చారు. చివరి తూకంలో డ్రైవరు లేకుండా 884 కిలోలు వచ్చింది: ముందు 376, వెనుక 508. మొదట నూటికి 41 పాళ్లు కూడా లేని ముందు బరువు 42.5 పాళ్లకు చేరింది. చూడడానికి చిన్న తేడాలా ఉంటుంది. వెనుక ఇంజన్ కారులో కేజ్ బరువును కూడా కలుపుకుని ఆ మాత్రం సాధించడం ఎంత శ్రమో, 19 నెలలు ఆ గోడ పలకను చూసిన నాకు తెలుసు.

ఇంజన్ గురించి చాలామంది మొదట అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నా కారుతో వచ్చింది 2,195 సి.సి. ఇంజన్: 84 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 66 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), గాలితో చల్లబడే ఆరు సిలిండర్లు, మూడు ఒకవైపు, మూడు ఎదురువైపు. స్ట్రోకు మార్చకుండా బోరును 90 మి.మీ.కు పెంచి 2,519 సి.సి. చేశారు. పొట్టి స్ట్రోకు ఇంజన్ వేగంగా తిరగడానికి ఇష్టపడుతుంది, రేసుకు అదే కావాలి. అయితే ఆ కాలపు ఇంజన్ పెట్టె మెగ్నీషియంతో పోతపోసింది. తేలికైన లోహం కాబట్టి తోక బరువు తగ్గించే మన పనికి అది వరం. కానీ సిలిండర్లు వేడికి వ్యాకోచించినంతగా వాటిని పట్టి ఉంచే ఉక్కు స్టడ్లు (పొడవాటి బోల్టులు) వ్యాకోచించవు, ఆ లాగుడుకు మెత్తని మెగ్నీషియంలోని మరలు ఊడొస్తాయి. అందుకని ప్రతి స్టడ్ రంధ్రంలోనూ ఉక్కు మరల తొడుగు వేశారు, క్రాంక్ బేరింగుల వరుసను మళ్లీ సరళరేఖలోకి చెక్కించారు. 46 మి.మీ. వెబర్ కార్బ్యురేటర్లతో ఇంజన్ శక్తిని కొలిచే డైనమోమీటర్ మీద 7,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 238 హార్స్‌పవర్ వచ్చింది. ఆ కాగితం నా ఎదుటే అచ్చయింది. ఇంకా ఎక్కువ రాబట్టగలమని, కానీ ఈ పెట్టె ఎక్కువ రోజులు నిలవాలంటే ఇక్కడే ఆగడం మంచిదని వాళ్లే చెప్పారు. గేర్‌బాక్స్‌లో గేర్ల పళ్ల జతలను విడిగా మార్చుకోవచ్చు. రెండో గేరుకు వాళ్లు వేసిన జత నాకు కొంచెం పొడవనిపించింది, అంటే ఆ గేరులో కారు వేగం మెల్లగా అందుకుంటుంది, అంతకు మించి అందులో చెప్పవలసిందేమీ లేదు.

సస్పెన్షన్ అమర్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఈ కార్లకు వెనుక చుట్టల స్ప్రింగులు ఉండవు, టోర్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ మెలిపడడమే స్ప్రింగు. ఆ కడ్డీకి లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను జరిపితే 8 డిగ్రీల పైచిలుకు మారుతుంది, కాబట్టి లోపల ఒక పన్ను ఇటు, బయట ఒక పన్ను అటు జరిపితే ఒక డిగ్రీ కన్నా తక్కువ తేడాతో కారు వెనుక ఎత్తు సరిచేసుకోవచ్చు. పెద్ద మేస్త్రి కడ్డీ చివరలకు గ్రీజు పూసి, గొట్టంలోకి తోసి, కోణం కొలిచి, తల అడ్డంగా ఊపి, మళ్లీ బయటికి లాగారు. ఒక వైపుకే అలా ఏడుసార్లు చేశారు. ఎనిమిదోసారి కొలమానం కోరిన అంకె దగ్గర నిలవగానే ఏమీ మాట్లాడకుండా చేతులు తుడుచుకుని రెండో వైపుకు వెళ్లారు. చివరికి నన్ను హెల్మెట్‌తో సహా సీటులో కూర్చోబెట్టి నాలుగు చక్రాల తూకం చూశారు. ఎడమ ముందు చక్రం, కుడి వెనుక చక్రం కలిపి మోసే బరువు మొత్తంలో సరిగ్గా సగం ఉండాలి, 50.1 పాళ్లు వచ్చింది.

ఇప్పుడు ఫిర్యాదు. ట్రాక్ మీద రెండో రోజున, వేగంగా వెళ్లే ఒక ఎడమ మలుపులో, ఏ హెచ్చరికా లేకుండా కారు వెనుక భాగం బయటికి జారి, కారు రెండు చుట్లు తిరిగి గడ్డిలో ఆగింది. కాలు తీయడం వల్ల జరిగిందేమోనని మొదట నన్ను నేనే అనుమానించాను. దిగి చూస్తే కుడి వెనుక టైరు లోపలి అంచంతా ఆయిల్‌తో తడిసి మెరుస్తోంది. ముందు కూలర్‌కు వెళ్లే ఆయిల్ గొట్టాలు కుడి గుమ్మం పక్కగా వెళ్తాయి, ఆ గొట్టం, ఆయిల్ వేడెక్కాక కూలర్ దారి తెరిచే థర్మోస్టాట్‌తో కలిసే చోటు కుడి వెనుక చక్రం గూడులోనే ఉంటుంది. అక్కడి నట్టు చేతితో తిప్పితే తిరిగింది. ఎడమ మలుపులో కారు బరువంతా మోసే టైరు అదే. గోడ దగ్గరగా ఉండే మలుపులో ఇది జరిగి ఉంటే నేను ఈ సమీక్ష రాసేవాడిని కాదు.

వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే మొదట ఇంజన్ అదురుకు నట్టు వదులై ఉంటుందన్నారు. ఆ జవాబు నాకు సరిపోలేదు. కారుతో పాటు వాళ్లే ఇచ్చిన ఫొటోల దస్త్రం తీసి చూశాను. ఆ వర్క్‌షాపులో ఏ నట్టునైనా పూర్తిగా బిగించాక నట్టు మీద నుంచి పక్క లోహం మీదికి పసుపు రంగు గీత ఒకటి గీస్తారు, నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. దస్త్రంలోని ఫొటోలో ఆ చుట్టుపక్కల నట్లన్నిటి మీదా పసుపు గీతలున్నాయి, ఆ ఒక్క నట్టు మీద లేదు. ఫొటో పంపిన గంటకు పెద్ద మేస్త్రి స్వయంగా ఫోన్ చేసి, అది వదులైన నట్టు కాదని, బిగించకుండా వదిలేసిన నట్టని ఒప్పుకున్నారు. కారును తమ ఖర్చుతో తీసుకెళ్లి, ఆయిల్, బ్రేకు, పెట్రోల్ గొట్టాల అతుకులన్నీ విప్పి మళ్లీ బిగించి, ప్రతి అతుకు పక్కన ఇద్దరి సంతకాలున్న జాబితా ఇచ్చారు. ఒప్పుకోవడంలో వాళ్ల నిజాయితీని నేను గౌరవిస్తాను. అయినా రేసు కారు బయటికి వెళ్లే ముందు రెండో మనిషి చేత తనిఖీ చేయించకపోవడం క్షమించదగిన లోపం కాదు. ఆ జాబితా మొదటి రోజే ఉండవలసింది.

ఆ తర్వాత నడిపిన నాలుగు రోజుల్లో కారు ఎలా ఉందో చెప్పాలి. నేరుగా ఉన్న దారిలోనే బ్రేకు గట్టిగా వేయాలి. వెనుక బరువు ఉండడం వల్ల వెనుక బ్రేకులు కూడా తమ వంతు పని చేస్తాయి, కాబట్టి కారు నాలుగు కాళ్ల మీదా కూర్చున్నట్టు ఆగుతుంది. ఈ తీరు ముందు ఇంజన్ కార్లకు అలవాటుపడిన వారిని ఆశ్చర్యపరుస్తుంది. మలుపులోకి తిరిగేటప్పుడు బ్రేకును ఒక్కసారిగా వదలకుండా మెల్లగా వదులుతూ పోవాలి, అప్పుడే ముక్కు మీద బరువు నిలిచి ముందు టైర్లు దారి పట్టుకుంటాయి. అక్కడ తొందరపడి యాక్సిలరేటర్ నొక్కితే ముక్కు తేలిపోయి కారు బయటికి వెళ్తుంది, భయపడి కాలు తీస్తే తోక తిరుగుతుంది. ఒక్క క్షణం ఓపిక పట్టి, స్టీరింగ్ తిన్నగా వచ్చే వేళకు కాలు నిండుగా నొక్కితే, వెనుక నుంచి ఏనుగు తొండంతో తోసినట్టు కారు ముందుకు దూకుతుంది, చక్రాలు జారవు. అక్కడ దొరికే ఆనందాన్ని మరే కారులోనూ నేను పొందలేదు. వర్క్‌షాపు తగ్గించిన తోక బరువు విలువ మలుపు మొదట్లో తెలుస్తుంది. పాత కారులో నేను కాలు తీయడానికి భయపడిన మలుపుల్లో ఇప్పుడు కొంచెం కాలు సడలించి కారును లోపలికి తిప్పుకోగలుగుతున్నాను. తోక కదులుతుంది, కానీ ముందే చెప్పి కదులుతుంది.

చిన్న లోపాలు ఇంకా ఉన్నాయి. ఎడమ కిటికీ పాలీకార్బొనేట్ 6,000 ఆర్‌పీఎం దాటితే గలగలలాడుతుంది. బయటి నుంచి కరెంటు ఆపే స్విచ్ దగ్గర ఉండవలసిన నీలం త్రికోణం గుర్తు రెండో రోజుకే ఊడిపోయింది. సీటు మీద అచ్చయిన తేదీ ప్రకారం దాని అయిదేళ్ల గడువులో ఒక ఏడాది పైగా వాళ్ల అటకమీదనే గడిచిపోయింది. ఆలస్యం వల్ల జరిగిన నష్టం ఇది, దీని గురించి వాళ్లు ఇంకా సరైన జవాబు ఇవ్వలేదు. త్వరగా కారు కావాలనుకునే వారికి, రోజూ కబురు తెలియజేయాలనుకునే వారికి ఈ వర్క్‌షాపు నచ్చదు. ఎక్కువ హార్స్‌పవర్ అంకె కావాలనుకునే వారికీ నచ్చదు. వెనుక ఇంజన్ కారును దాని స్వభావం తెలిసిన వాళ్ల చేత కట్టించుకోవాలనుకునే వారు మాత్రం గడువును మనసులో రెట్టింపు చేసుకుని, అతుకుల జాబితా మీద రెండు సంతకాలు ఉంటాయని ముందే కాగితం మీద రాయించుకుని వెళ్లవచ్చు.

గాలితో చల్లబడే ఈ ఇంజన్‌కు వాల్వుల సందు చల్లగా ఉన్నప్పుడు 0.1 మి.మీ. ఉండాలి, దాన్ని తరచూ చూసుకోవాలి. ఆ పనికీ, రెండో గేరుకు పొట్టి పళ్ల జత వేయించడానికీ వచ్చే నెలలో కారును మళ్లీ వాళ్ల దగ్గరికే పంపుతున్నాను.